అంగడి యెదుట మనస్సాక్షి



మీరు సంతకు వెళ్లినప్పుడు ఏమేమి చూచెదరు? ధర చూచెదరు, తూకము చూచెదరు. బియ్యమైతే అరచేతిలో పోసికొని రాళ్లున్నవేమో చూచెదరు, వంకాయయైతే పుచ్చున్నదేమో త్రిప్పి చూచెదరు. కాని ఆ అమ్మువాడు మీ రూపాయితో తరువాత ఏమి చేయునో అడిగినవారు మనలో ఎవరైనను ఉన్నారా? అడుగవలెనని నాకును ఏబది యేండ్లు దాటువరకు తోచలేదు. 2024వ సంవత్సరము ఈస్టరు పండుగకు మా సంఘములోని ఒక యౌవనస్థుడు హైదరాబాదునుండి సెలవుమీద వచ్చి నన్ను ఆ ప్రశ్న అడిగెను. నేనిచ్చిన జవాబువలన కొంత మేలును కొంత కీడును కలిగినవి. రెంటిని దాచక వ్రాయుచున్నాను.

అతని ఫోనులో ఒక పట్టీ ఉండెను. అది ఎక్కడనుండి వచ్చినదో ముందు చెప్పవలెను. 2018వ సంవత్సరము జనవరి మొదలుకొని మన దేశములో ఎన్నికల బాండ్లు అను ఏర్పాటు జరుగుచుండెను. ఎవరైనను, ఏ కంపెనీయైనను, స్టేటు బ్యాంకులో సొమ్ము కట్టి ఒక కాగితము కొనవచ్చును. 1,000 రూపాయలది మొదలుకొని కోటి రూపాయలదాక ఆ కాగితములు ఉండెను. దానిని తనకిష్టమైన పార్టీకిచ్చును. పార్టీ 15 దినములలో దానిని సొమ్ము చేసికొనును. కాగితముమీద ఇచ్చినవాని పేరుండదు. అంతకుముందు ఒక కంపెనీ తన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి 7.5 వంతులకు మించి పార్టీలకు ఇయ్యరాదని చట్టముండెను. 2017లో ఆ హద్దును తీసివేసిరి. నష్టములో నున్న కంపెనీయైనను ఎంతైనను ఇయ్యవచ్చునన్నమాట. ఎవరు ఎవరికిచ్చిరో ఓటు వేయువానికి మాత్రము తెలియదు.

ఇది న్యాయము కాదని కొందరు 2017లోనే సుప్రీము కోర్టుకు వెళ్లిరి. ఆరేండ్లు దాటినవి. 2024 ఫిబ్రవరి 15వ తేదీని అయిదుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయముగా, ఈ బాండ్లు రాజ్యాంగమునకు విరుద్ధమనియు, పార్టీలకు సొమ్ము ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొను హక్కు ఓటరునకు కలదనియు తీర్పు చెప్పిరి. లెక్కలు ఇచ్చుటకు బ్యాంకు జూను నెలాఖరువరకు గడువు అడిగెను, కోర్టు ఒప్పుకొనలేదు. మార్చి 14న పేర్ల పట్టీ వెలువడెను. ఎవరి బాండు ఏ పార్టీకి చేరెనో పోల్చుకొను సంఖ్యలు 21వ తేదీని వచ్చెను. ఆ సంవత్సరము ఈస్టరు మార్చి 31. కనుక మా యౌవనస్థుడు తెచ్చినది పదిదినముల నాటి వార్త.

2019 ఏప్రిల్ మొదలుకొని అయిదేండ్లకు కొంచెము తక్కువ కాలములో 12,000 కోట్ల రూపాయలకు పైగా ఆ మార్గమున పోయెను. ఇంచుమించు సగము కేంద్రములో ప్రభుత్వము చేయుచున్న భారతీయ జనతా పార్టీకి చేరినది. తక్కినది తృణమూలు కాంగ్రెసునకు, కాంగ్రెసునకు, భారత రాష్ట్ర సమితికి, ఇంకను ఇతరులకు. మన వై.ఎస్.ఆర్. కాంగ్రెసును తెలుగుదేశమును పుచ్చుకొన్నవారిలో నున్నవి. అందరికంటె ఎక్కువ కొన్నది లాటరీ టిక్కెట్లు అమ్ము ఒక కంపెనీ, 1,368 కోట్లకు. (లాటరీ కొనకుడని చెప్పుటకు మాకు ఈ పట్టీ అక్కరలేదు.) రెండవది హైదరాబాదులోని మేఘా ఇంజినీరింగు కంపెనీ, 966 కోట్లకు. సిమెంటు కంపెనీలున్నవి. మందుల కంపెనీలు చాల ఉన్నవి, వాటిలో హైదరాబాదువి అనేకము.

“అయ్యగారూ, మన డబ్బే గదా వాళ్ల చేతిలోనుంచి పార్టీలకి పోయేది? వీళ్ల సరుకు మనం కొనకుండా ఉండొద్దా?” అని అతడు అడిగెను.

ప్రశ్న మంచిది. నాకు ఉత్సాహము కలిగినది. మరుసటి ఆదివారము అదే అంశముమీద ప్రసంగించితిని. మనము సొమ్మునకు యజమానులము కాము, గృహనిర్వాహకులము మాత్రమే. ఇల్లు విడిచిన రూపాయి ఎక్కడికి పోవునో లెక్క చెప్పవలసినవారము. చీకటిలో చేతులు మారు సొమ్ములో మన పాలు ఉండరాదు అని గట్టిగా చెప్పితిని. జనులు శ్రద్ధగా వినిరి. బాగుగా బోధించితినని అనుకొంటిని.

మా సంఘములో డెబ్బది యేండ్ల విధవరాలు ఒకామె కలదు. ఆమెకు రక్తపుపోటు. ఆ మధ్యాహ్నము ఆమె తన మాత్రల అట్టను ఆ యౌవనస్థునికి చూపించి, ఇది చేసినవాళ్లు నీ పట్టీలో ఉన్నారేమో చూడు నాయనా అని అడిగినది. అతడు చూచి, ఉన్నారు పెద్దమ్మా అని చెప్పెను. అబద్ధము చెప్పలేదు. మరునాడు బస్సెక్కి హైదరాబాదు వెళ్లిపోయెను. ఆమె మాత్రలు మానినది. పండ్రెండవ దినమున బోరింగు దగ్గర బిందెతోకూడ పడిపోయినది.

ప్రభుత్వాసుపత్రిలో ఆమె మంచము ప్రక్కన కూర్చుండి, ఎందుకు మానారమ్మా అని అడిగితిని. “మీరే గదా అయ్యగారూ చెప్పింది, ఆ సొమ్ములో మన రూపాయి కలవకూడదని” అనెను. ఆమె మాటలో నిష్ఠూరము లేదు. అందువలననే నేను తల యెత్తలేకపోతిని. అదే మాత్రను వేరొక కంపెనీయు చేయుననియు, డాక్టరు నడిగి మార్చుకొనవచ్చుననియు ఆమెకు చెప్పినవారు లేరు. మానుమని చెప్పుట బోధకునికి సులభము. మానిన తరువాత ఏమి చేయవలెనో బల్లమీద నిలిచి ఆలోచింపలేదు.

దేవుని దయవలన ఆమె కోలుకొనెను. నేను మాత్రము ఆ విషయమును మరల మొదటినుండి ఆలోచింపవలసివచ్చెను.

చదువరీ, అపొస్తలుడైన పౌలు కొరింథులోని సంఘమునకు ఇటువంటి చిక్కునుగూర్చియే వ్రాసినాడు. ఆ పట్టణములో అంగడిమాంసము గుడినుండి వచ్చినదో కాదో తెలియదు. పౌలు చెప్పిన దానిలో రెండు భాగములున్నవి. అంగడిలో అమ్మునది ఎక్కడిదని విచారింపక కొనుక్కొనవచ్చును; అయితే ఎవడైన వచ్చి ఇది విగ్రహమునకు పెట్టినదని చెప్పినయెడల, చెప్పినవాని నిమిత్తము మానవలెను. మనలో చాలమంది మొదటి భాగమును పట్టుకొని హాయిగా నుందురు. అది చాలదు. 2024 మార్చికి ముందు మనకు తెలియదు, ఇప్పుడు చెప్పబడినది. తెలియనివాని నిద్ర మనకిక లేదు.

కాని ఆ రెండవ భాగమును నేను ఎట్లు తలక్రిందులు చేసితినో చూడుడి. పౌలు తన స్వాతంత్ర్యమును తాను విడిచిపెట్టుకొనెను, ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తము. నేనో, ఎదుటిదాని మనస్సాక్షిని బిగించి, ఆమె మాత్రలను విడిపించితిని. నాకు పోయినది ఒక్క పైసాయైనను లేదు. బలహీనుని కొరకు బలవంతుడు మానుకొనుట ఆ పత్రికలోని సంగతి. బలవంతుడు ప్రసంగించి బలహీనునిచేత మానిపించుట అందులో లేదు.

ఇదే పౌలు అదే పత్రికలో మరియొకచోట, లోకములోని దుష్టులతో ఏ పొత్తును పెట్టుకొనకుందుమనిన లోకమునే విడిచి వెళ్లవలసివచ్చునని ఒప్పుకొనెను. మేఘా కంపెనీ మాటయే చూడుడి. మనము దాని అంగడికి వెళ్లము, అది సబ్బులు అమ్మదు. అయితే గోదావరి నీటిని కృష్ణా డెల్టాకు తెచ్చు పట్టిసీమ ఎత్తిపోతల పథకమును కట్టినది అదియే. మా ప్రాంతపు వరిచేలలో ఆ నీరున్నది. ఈ కంపెనీ బాండ్లు కొనెను గనుక కాలువ నీరు నా చేనికి వద్దని ఏ రైతు చెప్పగలడు? చెప్పినను తూము మూయుట అతనివల్ల కాదు, క్రింది చేనివాడు ఊరకుండడు. మరియు ఆ కంపెనీ బాండ్లు, ఇక్కడ ఎదురెదురుగా పోరాడిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకును తెలుగుదేశమునకును రెంటికిని చేరినవి. ఏ పార్టీవాడు ఏ కోపముతో దానిని విడిచిపెట్టవలెను?

అట్లయితే కొనుట మానుట వ్యర్థమా అని మీరడుగవచ్చును. వ్యర్థమని నేననను. సెమినరీలో చదువుకొను దినములలో జాన్ వూల్మన్ అను భక్తుని చరిత్ర విన్నాను. అతడు 1720లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన క్వేకరు. దర్జీ పనిచేసి, చిన్న అంగడి నడిపినవాడు. అంగడి మరీ పెరుగుచున్నదని దానినే తగ్గించుకొన్న విచిత్రమైన వర్తకుడు. బానిసల కష్టముచే కలిగిన పంచదారను మానెను, రంగువేసిన బట్టలు మానెను. కాని అతని పని అక్కడ ఆగలేదు. బానిసలను ఉంచుకొన్న సొంత సంఘస్థుల యిండ్లకు వెళ్లి, వారి యెదుట కూర్చుండి, మృదువుగా మాటలాడెను. వారి యింట బస చేసినప్పుడు తనకు సేవచేసిన బానిసలకు కూలి చెల్లించెను. ఆ కూలి నాణెము గృహయజమానుని ఎంత కలవరపెట్టియుండునో ఊహించుకొనుడి! ఫిలదెల్ఫియా క్వేకరుల వార్షిక కూటము 1758లో, బానిసలను కొని అమ్ము సభ్యులకు సంఘ వ్యవహారములలో చోటు లేకుండ చేసెను. బానిసలను ఉంచుకొనుటయే కూడదని నిర్ణయించినది 1776లో. అప్పటికి వూల్మన్ చనిపోయి నాలుగేండ్లు.

ఇంగ్లాండులో జరిగినది మన అంశమునకు మరింత దగ్గర. అక్కడ పంచదార తోటల యజమానులు తమ ఐశ్వర్యముతో పార్లమెంటులో స్థానములు సంపాదించుకొనియుండిరి. 1791 ఏప్రిలులో బానిస వ్యాపారమును మాన్పవలెనను ప్రతిపాదన 163 ఓట్లకు 88 ఓట్లతో ఓడిపోయెను. పార్లమెంటు వినకపోయినప్పుడు జనులు తమ టీ గిన్నెవైపు చూచిరి. ఇది కొనువాని సొమ్మే గదా అక్కడ ఓటై కూర్చున్నది అని గ్రహించిరి. విలియమ్ ఫాక్సు అనువాడు ఒక చిన్న కరపత్రము వ్రాసి పంచదార మానుమని కోరెను. 3,00,000 మంది మానిరని క్లార్క్‌సన్ అంచనా వేసెను. తరువాతి కాలమున కొందరు, ఇది బానిసలు చేయని తూర్పు ఇండియా పంచదార అని తమ గిన్నెలమీద వ్రాయించుకొనిరి. ఇక్కడ మనకు నవ్వు రావలెనో దుఃఖము రావలెనో తెలియదు. ఎందుకనగా ఆ కాలమున కంపెనీ పాలించు మన దేశములోను బానిసత్వము ఉండెను. దానికి చట్టపు గుర్తింపు తీసివేసినది 1843లో. గిన్నెమీది అక్షరములు శుభ్రముగా నుండెను.

వ్యాపారమును మాన్పిన చట్టము 1807లోను, బానిసత్వమును రద్దుచేసిన చట్టము 1833లోను వచ్చెను. పంచదార మానుటవలననే వచ్చెననుట సత్యము కాదు. 1792 ఒక్క సంవత్సరములోనే 519 అర్జీలు పార్లమెంటునకు పోయినవి. దీవులలో బానిసలే లేచి తిరుగబడిరి. అయినను టీలో పంచదార మానిన ఇల్లాలు ప్రతిదినము రెండుసార్లు ఆ సంగతి జ్ఞాపకము చేసికొనెను, అతిథి యెదుట చెప్పవలసివచ్చెను. మానుటలోని బలమంతయు అందులోనే ఉన్నదని నాకు తోచుచున్నది.

అయితే పంచదారకును మాత్రకును ఒక భేదమున్నది, దానిని మరువరాదు. ఆ పంచదారలో కొరడా ఉన్నది. దెబ్బ లేనిదే ఆ పంచదార పుట్టదు. మాత్రలో అట్టి పాపము లేదు. దానిని చేసిన పనివారు కష్టపడి చేసిరి, అది ముసలిదాని ప్రాణము నిలుపును. దోషము ఉన్నచోట అది లాభము పంచిన విధానములో, దాచిన విధానములో ఉన్నది. పేరు దాచి ఇచ్చిన సొమ్ముకు ప్రతిగా ఏదో ఆశింపబడెనను అనుమానము జనులకు కలుగుట సహజము. అందుకే కోర్టు తెర తీయించెను. ఆ తెర తీయించినది కొనుగోలుదారులు కాదు, ఆరేండ్లు కోర్టు మెట్లెక్కినవారు. ఇకమీదనైనను, 20,000 రూపాయలకు మించి ఇచ్చినవారి పేర్లను పార్టీలు ఎన్నికల సంఘమునకు తెలుపవలెను; చూడగోరువాడు చూడవచ్చును.

ఇప్పుడు మన ఊళ్లలోనికి రండి. సరుకు కొనుటకు పార్టీ చూచుట మనకు కొత్తయని నేననుకొంటిని. కొత్త కానేకాదు. మా ఊరిలో రెండు కిరాణా కొట్లున్నవి. ఒకరిది ఒక కండువా, ఇంకొకరిది ఇంకొక కండువా. ఎన్నికల సంవత్సరములో, ఇంటి ప్రక్కనున్న కొట్టు విడిచి, ఎండలో ఊరి అవతలి కొట్టుకు పిల్లను ఉప్పుకు పంపు తల్లులను నేనెరుగుదును. పాలు పోయుటకును కేంద్రము మార్చుకొందురు. ఆ రెండు కొట్లవారును మా సంఘస్థులే. ఒకే బల్లయొద్ద మోకరించువారు. ఇదియు మనస్సాక్షియే అని వారందురు. నేను ఒప్పుకొనను. చట్టములను చేయువారికి చీకటిలో కోట్లు ఇచ్చిన కంపెనీతో, మీరు చేసినది మాకు ఇష్టము లేదని చెప్పుట ఒకటి. నీ ఓటు నా ఓటు కాదు గనుక నీ పిల్లలకు గంజి లేకపోవలెనని పొరుగువానిని విడుచుట మరియొకటి. మొదటిదానికి అంగడి విడువవచ్చును. రెండవదానికి అంగడి వెదకి మరీ వెళ్లవలెను. ఈ మాట నేను ఆ రెండు కొట్ల యజమానులు వినుచుండగా చెప్పితిని. ఒకాయన నవ్వెను, ఒకాయన నవ్వలేదు.

2024 మే 13న మాకు ఎన్నికలు. దానికి ముందు వారములో కొందరు పెద్దమనుష్యులు పాస్టరు యింటికి వచ్చి, అయ్యగారూ, చర్చికి ఏమి కావలెనో చెప్పండి అని అడిగిరి. మా సమాధుల తోటకు ప్రహరీ గోడ లేదు. గేదెలు సమాధులమీదికి వచ్చుచుండెను. సంఘ పెద్దలు ఆ రాత్రి కూడుకొనిరి. కొందరు పుచ్చుకొందమనిరి, ఓటు ఎవరికి వేయుదుమో వారికెట్లు తెలియుననిరి. ఓటు వేయుటకు వచ్చియున్న ఆ యౌవనస్థుడు గుమ్మములో నిలిచి వినుచుండెను. అతడు ఒక్కమాట అనెను: “అయ్యగారూ, ఆ రోజు మీరు బాండ్ల మీద ప్రసంగించింది ఈ మైకులోనే గదా.”

ఆ మైకు సెట్టు 2019 ఎన్నికలకు ముందు ఒక అభ్యర్థి ఇచ్చినది. పెట్టెమీద ఆయన పేరు ఎర్ర రంగుతో వ్రాసియున్నది. ఆ దినమున బల్లమీదనుండి కృతజ్ఞతలు చెప్పి ప్రార్థన చేసినవాడను నేనే. అయిదేండ్లు ప్రతి ఆదివారము ఆ పేరు చూచుచు, చూడక, బోధించితిని. దానిని నేను దానమనుకొంటిని. కంపెనీవారును తాము ఇచ్చినది దానమనియే అనుకొందురు కాబోలు.

గోడను పుచ్చుకొనలేదు. ఇద్దరి ఎక్కువతో ఆ నిర్ణయము జరిగెను. పెద్దలలో ఒకాయన నాతో మూడు నెలలు మాటలాడలేదు. మరుసటి సంవత్సరము కోతల తరువాత చందాలు వేసికొని మేమే గోడ మొదలుపెట్టితిమి. 40 బస్తాల సిమెంటు కావలసివచ్చెను. ధర సమానముగా నుండగా, పట్టీలో లేని కంపెనీది కొంటిమి. పట్టీలోనున్న కంపెనీకి నేనొక ఉత్తరము వ్రాసితిని. ఫలాని కారణముచేత మీ సిమెంటు కొనలేదని. ఊరక మానినయెడల మానినట్లు వారికి తెలియదు గదా! జవాబు రాలేదు. 40 బస్తాలకు వారి గోడ కదలదని నాకును తెలియును. గోడ పూర్తియైనది, ఇప్పుడు గేదెలు రావు.

ఇంకొక సంగతి చెప్పి ముగించెదను. ఎన్నికలకు ముందు రాత్రి మా వీధులలోను నోట్లు పంచిరి. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చట్టప్రకారము నేరమే. మా సంఘస్థులలో ఎవరెవరు పుచ్చుకొనిరో నేను అడుగలేదు, అడుగుటకు ధైర్యము చాలలేదు. కొన్ని వారములకు, సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత, ఆ విధవరాలు తనంతట తానే నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నాకూ ఇచ్చారు. ఆ డబ్బుతో మాత్రలు కొనుక్కున్నాను” అని చెప్పెను. అది తప్పని మీకు తోచలేదా అమ్మా అని అడిగితిని.

“దాని సంగతి మీరు ప్రసంగంలో చెప్పలేదుగా” అనెను.

నేను అప్పుడు మైకు తీగ చుట్టుచుంటిని.